చెవి తమ్మె నుండి అంకవన్నె దాకా

మన ఆలయాలలో జరిగే సంస్కారాలలో కర్ణవేధం ఒకటి. బిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెట్టి, చెవులు కుట్టించి, చిన్న బంగారు పోగు తొడిగించడం మన కుటుంబాలు ఐదారు తరాలుగా సముద్రానికి ఈవల కూడా కాపాడుకొంటూ వస్తున్న ఆచారం. పుట్టువెంట్రుకలు తీయించే నాడే దీనినీ జరిపించేవారు ఎందరో ఉన్నారు. ఇంత శ్రద్ధతో అలంకరించే ఆ చెవి ఎలా నిర్మితమైనదో, దాని లోపలి భాగాలను ఎవరు, ఎప్పుడు, ఎలా కనుగొన్నారో పిల్లలు అడిగితే, మనలో చాలామంది సూది గుచ్చిన చోటనే ఆగిపోతాము. ఈ వ్యాసంలో చెవి తమ్మె దగ్గర బయలుదేరి, కర్ణభేరి దాటి, మన శరీరంలోకెల్లా చిన్న ఎముక వరకు వెళ్దాము. ఆ కొద్ది అంగుళాల దారి తెలియడానికి మానవజాతికి ఎన్నో శతాబ్దాలు పట్టింది.

చెవిని గూర్చి తెలుగులో మాటలకు కొదవ లేదు. బయటికి కనిపించే భాగాన్ని చెవి దొప్ప అంటాము. దొప్ప అంటే ఆకుతో కుట్టిన గిన్నె. క్రింద వ్రేలాడే మెత్తని భాగం తమ్మె. లోపల ఊరే మైనం గులిమి. చెంపదెబ్బ గట్టిగా తగిలితే గూబ గుయ్యిమన్నదంటాము. శ్రద్ధగా వినేవాడు చెవి ఒగ్గుతాడు, విననివాడు పెడచెవిన పెడతాడు, వినాలని ఉబలాటపడేవాడు చెవి కోసుకొంటాడు, చెప్పి చెప్పి విసిగినవారు చెవినిల్లు కట్టుకొని పోరామంటారు. ఈ మాటలన్నీ కంటికి కనిపించేదానికో, అనుభవానికి వచ్చేదానికో పెట్టిన పేర్లు. కర్ణభేరి వెనుక ఉన్న మూడు ఎముకలకు మాత్రం మన ఇళ్ళలో పేర్లు లేవు. ఆ పేర్లు పాఠ్యపుస్తకాల ద్వారా వచ్చాయి. ఇలా ఎందుకు జరిగిందన్నదే చెవి చరిత్రలో ఆసక్తికరమైన ప్రశ్న.

సుశ్రుతుని సూది

చెవి దొప్పను వైద్యుని కంటితో పరిశీలించిన ప్రాచీన గ్రంథాలలో సుశ్రుత సంహితకు విశిష్ట స్థానం ఉంది. అందులో సూత్రస్థానమనే భాగంలోని పదహారవ అధ్యాయం చెవులు కుట్టడానికీ, తెగిన తమ్మెలను అతకడానికీ కేటాయించబడింది. కర్ణవేధం రక్షణ కోసమూ, అలంకారం కోసమూ చేయాలని దాని ఆరంభంలోనే ఉంది. ఆరవ నెలలో గాని ఏడవ నెలలో గాని, శుక్లపక్షంలో, శుభదినాన ఈ పని చేయాలి. బిడ్డను దాది ఒడిలో కూర్చోబెట్టి, ఆటవస్తువులు చూపి మరపించాలి. వైద్యుడు ఎడమచేతితో చెవిని లాగి పట్టుకొని, ఎండవెలుగు ఆవలి నుండి ఈవలికి కనిపించే చోటు చూసి, కుడిచేతితో సూదిని మెల్లగా, వంకర పోకుండా గుచ్చాలి. మగబిడ్డకు ముందు కుడి చెవి, ఆడబిడ్డకు ముందు ఎడమ చెవి. తరువాత నూనె తడిపిన దూదివత్తిని రంధ్రంలో ఉంచి, మూడేసి రోజులకు ఒకమారు దానిని మార్చి, క్రమంగా లావైన వత్తి పెట్టాలి.

ఎండవెలుగు చూడమనడంలో ఎంతో లోతైన పరిశీలన ఉంది. వెలుగు సోకే చోట చర్మం పలుచగా ఉంటుంది, పెద్ద రక్తనాళం అడ్డురాదు. తప్పు చోట గుచ్చితే రక్తం ఎక్కువగా పోతుందని, నొప్పి కలుగుతుందని సుశ్రుతుడు హెచ్చరించాడు. అక్కడ గాయపడరాని మూడు నాళాలను కాళిక, మర్మరిక, లోహితిక అని పేర్లు పెట్టి చెప్పాడు. వాటిలో ఏది తెగితే ఏ బాధ వస్తుందో కూడా వివరించాడు.

నేటి శరీరశాస్త్రం ఈ జాగ్రత్తకు కారణాన్ని మరింత స్పష్టంగా చూపుతుంది. చెవి దొప్ప ఆకారాన్ని నిలబెట్టేది ఒకే ఒక పలుచని మృదులాస్థి పలక. అంచున మడిచినట్లుండే వంపు, దానికి లోపలగా సాగే గట్టు, రంధ్రం చుట్టూ ఉన్న గుంట, రంధ్రానికి ముందు తలుపు మొటిమలా నిలిచిన చిన్న గుబ్బ, ఇవన్నీ ఆ పలక మడతలే. తమ్మెలో మాత్రం ఆ పలక లేదు. అక్కడ ఉన్నది చర్మమూ కొవ్వూ మాత్రమే. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. తనను కప్పి ఉన్న పొర నుండి అది పోషణ తీసుకొంటుంది. అందువల్ల తమ్మెకు గుచ్చిన గాయం త్వరగా మానుతుంది. పై అంచున మృదులాస్థిని గుచ్చితే, అది చీము పట్టినపుడు పలక కరిగి, చెవి ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. ముక్కు, చెవి, మెడ, కంటిగూడులలో ఉండే ఈ మెత్తని ఎముకను సుశ్రుతుడు ఎముకల జాతులలో ఒకటిగా లెక్కించి, తరుణాస్థి అన్నాడు. తరుణమంటే లేతది. ఎంత చక్కని పేరో చూడండి.

బరువైన నగల వల్లనో, దెబ్బ వల్లనో తమ్మె రెండుగా చీలితే దానిని అతికే పద్ధతులను అదే అధ్యాయం పదిహేనుగా విభజించింది. చక్రపు అంచును పోలిన నేమిసంధానకం, కలువను చీల్చినట్లుండే ఉత్పలభేద్యకం, తలుపు రెక్కను పోలిన కపాటసంధికం వంటి పేర్లు వాటిలో ఉన్నాయి. తమ్మె బొత్తిగా లేనివానికి చెంప నుండి సజీవమైన మాంసాన్ని, మూలం తెగకుండా తీసి, చెవికి అతికే పద్ధతి గండకర్ణం. రక్తప్రసారం తెగకుండా చర్మాన్ని మళ్ళించడం నేటి ప్లాస్టిక్ సర్జరీకి కూడా మూలసూత్రమే. ఈ పదిహేనింటిలో చివరి ఐదూ సాధ్యమయ్యేవి కావని గ్రంథమే స్వయంగా చెప్పడం మనం గమనించవలసిన విషయం. తన చేతికి లొంగనిదాన్ని లొంగదని వ్రాసిపెట్టడం నిజమైన వైద్యుని లక్షణం.

ఎముకలో దాగిన గది

చెవి వెలుపలి భాగాన్ని ఇంతగా తెలిసిన వైద్యులకు లోపలి భాగం ఎందుకు కనిపించలేదు? సమాధానం వారి పద్ధతిలోనే ఉంది. శరీరాన్ని పరిశోధించడానికి సుశ్రుతుడు చెప్పిన విధానం ఇది. మృతదేహాన్ని గడ్డి వంటివాటితో చుట్టి, పంజరంలో ఉంచి, పారే నీటిలో మరుగైన చోట నానబెట్టాలి. ఏడు రాత్రులైన తరువాత పైకి తీసి, కుంచెతో మెల్లమెల్లగా గీకుతూ, చర్మం మొదలుకొని పొర తరువాత పొరను కంటితో చూడాలి. గ్రంథం చదివి ఊరుకోక, కంటితో చూసి తీరాలన్న ఆ పట్టుదల గొప్పది. కాని కుంచె ఎముకను తెరవలేదు.

చెవి రంధ్రం నుండి లోపలికి పోయే దారి సుమారు 2.5 సెంటీమీటర్లు. అది నిటారుగా ఉండదు, కొంచెం మెలి తిరిగి ఉంటుంది. బయటి మూడవవంతు గోడ మృదులాస్థి. అక్కడే సన్నని వెంట్రుకలు, గులిమి ఊరే గ్రంథులు ఉంటాయి. లోపలి రెండు వంతుల గోడ ఎముక. దారి చివర ముత్యపు రంగులో, వాలుగా బిగించిన పలుచని పొర ఉంటుంది. అదే కర్ణభేరి. దాని వెడల్పు ఒక సెంటీమీటరుకు మించదు, మందం మిల్లీమీటరులో పదోవంతు. దాని వెనుక గాలి నిండిన చిన్న గది ఉంది. ఆ గదిని మధ్యచెవి అంటారు. అది కణత ఎముక లోపల ఉంది. ఆ ఎముకలో లోపలి భాగం ఎంత గట్టిదంటే, పాశ్చాత్య వైద్యులు దానికి రాయివంటిదని అర్థమిచ్చే పేరే పెట్టారు. దానిని చూడాలంటే రంపమూ ఉలీ కావాలి.

గ్రీకు దేశంలోనూ పరిస్థితి ఇంచుమించు ఇదే. మేకలు చెవులతో ఊపిరి పీలుస్తాయని ఆల్క్మేయన్ అనే పండితుడు చెప్పినట్లు, అది సరికాదన్నట్లు అరిస్టాటిల్ వ్రాశాడు. అయితే చెవి నుండి అంగిలికి ఒక మార్గం ఉన్నదని అరిస్టాటిల్ కూడా అంగీకరించాడు. ఆ మార్గం నిజంగానే ఉంది. దాని రూపం స్పష్టంగా వర్ణించబడడానికి మరో పంతొమ్మిది వందల ఏళ్ళు గడవవలసి వచ్చింది.

ఇటలీ నగరాలలో

పదహారవ శతాబ్దంలో ఇటలీలోని బొలోన్యా, పాదువా, నేపుల్స్, రోమ్ నగరాలలో మృతదేహాలను కోసి పాఠం చెప్పడం విశ్వవిద్యాలయ విద్యలో భాగమైంది. బొలోన్యాలో బోధించిన బెరెంగారియో ద కార్పి 1521లో అచ్చయిన తన గ్రంథంలో కర్ణభేరి వెనుక ఉన్న రెండు చిన్న ఎముకలను ప్రస్తావించాడు. పాదువాలో బోధించిన వెసాలియస్ 1543లో బాసెల్ నగరంలో తన మహాగ్రంథాన్ని ప్రకటించినపుడు, ఆ రెండింటినీ కమ్మరి పనిముట్లతో పోల్చాడు. మొదటిది కర్ణభేరిని అంటుకొని ఉండే సుత్తి, దానినే మన పాఠ్యపుస్తకాలు కూటకం అంటాయి. రెండవది కమ్మరి ఇనుమును పెట్టి కొట్టే దాగలి. ఈ రెండవ ఎముకను ఆయన రెండు వేళ్ళున్న దవడపంటితో కూడా పోల్చాడు. అప్పటికి వెసాలియస్ వయస్సు ఇరవై ఎనిమిదేళ్ళు. అంతటి సూక్ష్మదృష్టి గలవానికి కూడా మూడవ ఎముక కనిపించలేదు.

దానిని 1546లో నేపుల్స్‌లో బోధిస్తున్న ఇంగ్రాసియా అనే సిసిలీవాసి గుర్తించాడు. అది గుర్రపు జీనుకు వ్రేలాడే కాలి ఆసరాను అచ్చంగా పోలి ఉంది. రెండు సన్నని కాళ్ళు, వాటిని కలిపే ఒక చదునైన పీఠం, మధ్యలో రంధ్రం. ఆ ఆసరాను తెలుగులో అంకవన్నె అంటాము. ప్రాచీన రోమనులు అంకవన్నె లేకుండానే గుర్రాలెక్కేవారు కనుక, వారి లాటిన్‌లో దానికి మాటే లేదు. మధ్యయుగంలో పుట్టిన స్టేపిస్ అనే మాటను ఆ ఎముకకు పెట్టవలసి వచ్చింది. పేరు లేని వస్తువుకు ఇంటిలోని పనిముట్టు పేరు పెట్టుకోవడం మన పూర్వులు కూడా బాగా ఎరిగిన విద్యే.

ఈ ఎముకను తామే ముందు చూశామని మరి కొందరు కూడా చెప్పుకొన్నారు. ఇంగ్రాసియా గ్రంథం ఆయన జీవించి ఉండగా అచ్చు కాలేదు. 1580లో ఆయన మరణించిన తరువాత 1603లో వెలువడింది. అయినా 1561లోనే పాదువాకు చెందిన ఫల్లోపియో తన గ్రంథంలో ఆ గౌరవం ఇంగ్రాసియాదేనని స్పష్టంగా వ్రాశాడు. కర్ణభేరి గదిని భేరీవాద్యంతో పోల్చినవాడు కూడా ఈ ఫల్లోపియోయే. మన కర్ణభేరి అనే మాటలోనూ అదే పోలిక వినిపిస్తుంది.

అరిస్టాటిల్ ప్రస్తావించిన అంగిలి మార్గాన్ని రోమ్‌లోని యుస్టాకియో స్పష్టంగా వర్ణించాడు. ఆయన చెవిని గూర్చి వ్రాసిన లేఖ 1562 నాటిది, అచ్చయినది 1564లో. ఆయన 1552లోనే చెక్కించిన రాగిఫలకాలు ఎన్నో ఏళ్ళు మరుగున పడి ఉండి, 1714లో గాని అచ్చుకు రాలేదు. ఆ మార్గానికి యుస్టాకియో పేరు పెట్టినవాడు బొలోన్యాకు చెందిన వల్సాల్వా. ఆయన 1704లో ప్రకటించిన గ్రంథంలోనే చెవిని వెలుపలి, మధ్య, లోపలి చెవులుగా విభజించాడు. మన పిల్లల పుస్తకాలలో నేటికీ ఉన్నది ఆ విభజనే. ముక్కు మూసి, నోరు మూసి గాలిని గట్టిగా ఊదే పద్ధతిని విమానం దిగేటప్పుడు మనం చేస్తాము. మధ్యచెవిలో చేరిన చీమును వెలుపలికి పంపడానికి వల్సాల్వా దానిని చెప్పాడు.

మూడు ఎముకల పని

ఆ మూడు ఎముకలు ఎందుకున్నాయి? కర్ణభేరి నేరుగా లోపలి చెవిని తాకితే చాలదా? చాలదు. మన చుట్టూ ఉన్నది గాలి, లోపలి చెవిలో ఉన్నది ద్రవం. గాలిలో వచ్చిన శబ్దం నేరుగా ద్రవాన్ని తాకితే, దాని శక్తిలో వెయ్యింట తొమ్మిది వందల తొంభై తొమ్మిది వంతులు వెనుకకు మళ్ళిపోతాయి. నీటిలో మునిగి ఉన్నవానికి గట్టుమీది మాటలు వినిపించకపోవడానికి కారణం ఇదే.

ఈ నష్టాన్ని మధ్యచెవి రెండు ఉపాయాలతో పూడుస్తుంది. కర్ణభేరిలో కదిలే భాగపు వైశాల్యం సుమారు 55 చదరపు మిల్లీమీటర్లు. అంకవన్నె పీఠం సుమారు 3.2 చదరపు మిల్లీమీటర్లు. విశాలమైన చోట పడిన ఒత్తిడి ఇరుకైన చోట చేరితే పదిహేడు రెట్లు అవుతుంది. మేకు వెడల్పైన తలపై కొట్టిన దెబ్బ దాని మొనలో చేరినట్లే ఇది. సుత్తి, దాగలి కలిసి తులాదండంలా పనిచేసి మరో 1.3 రెట్లు పెంచుతాయి. మొత్తం మీద ఒత్తిడి సుమారు ఇరవై రెండు రెట్లు అవుతుంది. అంకవన్నె పొడవు 3 మిల్లీమీటర్లు, అంటే బియ్యపుగింజలో సగం. బరువు 3 మిల్లీగ్రాములు. బిడ్డ పుట్టేనాటికే ఈ మూడు ఎముకలూ పెద్దవారి కొలతకు వచ్చి ఉంటాయి. అమ్మ జోల వినే ఎముకలతోనే మనం ముదిమి దాకా వింటాము.

వీటి పుట్టుక మరింత విచిత్రం. 1837లో రైకెర్ట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పంది పిండాలను పరిశీలించి, పాములు, బల్లుల వంటి జీవులలో దవడ కీలుగా ఉండే ఎముకలే క్షీరదాలలో సుత్తిగా, దాగలిగా మారాయని చూపాడు. నమలడానికి పనికివచ్చినవి వినడానికి పనికివచ్చాయి.

ఇంగ్రాసియా అంకవన్నెను చూసిన 410 ఏళ్ళ తరువాత, 1956లో అమెరికాలో జాన్ షే అనే వైద్యుడు కదలిక కోల్పోయిన అంకవన్నెను ఒక రోగి చెవి నుండి తీసివేసి, దాని స్థానంలో టెఫ్లాన్‌తో చేసినదాన్ని అమర్చి, వినికిడిని తిరిగి తెచ్చాడు. కంటితో చూడడంతో మొదలైన విద్య చేతితో సరిచేయడం వరకు వచ్చింది.

మన పిల్లల చెవి

ఈ చరిత్ర మన సమాజానికి ప్రత్యేకంగా ఎందుకు ముఖ్యమో చెప్పవలసి ఉంది. 1860 నవంబరు 16న మద్రాసు నుండి వచ్చిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు ఒప్పంద కూలీలుగా ఒక లక్షా యాభైరెండు వేలకు పైగా మనుషులు నెటాల్‌కు వచ్చారు. వారిలో మన తెలుగు పూర్వులు కూడా ఉన్నారు. ఓడ పట్టికలలో ప్రతి మనిషికీ ఒక సంఖ్య, తండ్రి పేరు, ఊరు, శరీరం మీది మచ్చలు, గాయాల గుర్తులు వ్రాసుకొన్నారు. వారు విని నేర్చి వెంట తెచ్చుకొన్న పాటలకు, సామెతలకు ఆ పట్టికలో చోటు లేదు. వారిలో చాలామందికి వ్రాత రాదు. చెరకు తోటల బారకాసులలో తెలుగు నిలిచినది అవ్వ నోటి నుండి మనుమరాలి చెవికి చేరినందువల్లనే. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడి, తెలుగు తరగతులకు ఊతమిచ్చే నాటికి భాష ఇళ్ళలో మిగిలి ఉండడానికి కారణం చెవే. మన మొదటి బడి అదే.

ఆ బడి తలుపు పిల్లలలో సులభంగా మూసుకుపోతుంది. పెద్దవారిలో యుస్టాకియో నాళం సుమారు 36 మిల్లీమీటర్ల పొడవు ఉండి, ఏటవాలుగా గొంతు వైపు దిగుతుంది. పసిబిడ్డలో అది అందులో సగమే ఉంటుంది, ఇంచుమించు అడ్డంగా ఉంటుంది. అందువల్ల జలుబు చేసినపుడు గొంతులోని క్రిములు మధ్యచెవికి తేలికగా చేరతాయి, అక్కడి ద్రవం తేలికగా బయటికి రాదు. చీము తగ్గిన తరువాత కూడా జిగురువంటి ద్రవం వారాల తరబడి, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి నిలిచిపోవచ్చు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. బిడ్డకు మాటలు దుప్పటి చాటు నుండి వచ్చినట్లు మందంగా వినిపిస్తాయి. అంకవన్నె కదలవలసినంత కదలదు.

ఇలాంటి బిడ్డ పిలిస్తే పలకదు, టెలివిజన్ శబ్దం పెంచుతుంది, తరగతిలో పరధ్యానంగా ఉందని పేరు తెచ్చుకొంటుంది. తెలుగు తరగతిలో కల, కళ అనే మాటల తేడా, గది, గడి అనే మాటల తేడా దానికి అందవు. ఇంటిలో రోజంతా ఇంగ్లీషు వినే బిడ్డకు తెలుగు ధ్వనులు వారానికి కొన్ని గంటలే చెవిన పడతాయి. ఆ కొన్ని గంటలు కూడా మసకబారితే, బిడ్డకు భాషమీద మనసు లేదని మనం పొరబడతాము. కనుక ఉపాధ్యాయులకూ, తల్లిదండ్రులకూ మేము చేసే మనవి ఒకటే. బిడ్డ వినడం లేదని కోప్పడే ముందు, బిడ్డకు వినిపిస్తున్నదో లేదో పరీక్ష చేయించండి. ఈ ద్రవం చాలామందిలో తనంత తానే పోతుంది. పోనివారికి కర్ణభేరిలో చిన్న గొట్టం అమర్చి గాలి ఆడనిచ్చే చికిత్స ఉంది. 1801లో లండన్ వైద్యుడు ఆస్ట్లీ కూపర్ కర్ణభేరికి రంధ్రం చేసి వినికిడి మెరుగుపరచవచ్చునని చూపాడు గాని, ఆ రంధ్రం త్వరగా మూసుకుపోయేది. 1954లో అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే వైద్యుడు ప్లాస్టిక్ గొట్టంతో ఆ లోటు తీర్చాడు.

మన ఇళ్ళలో వాడుకలో ఉన్న రెండు అలవాట్ల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. చెవిపోటు వస్తే గోరువెచ్చని నూనె పోయడం పాత అలవాటు. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే ఆ నూనె నేరుగా మధ్యచెవికి పోతుంది. చెవి కారుతున్నపుడు వైద్యుడు చూడకుండా ఏదీ పోయరాదు. రెండవది, పుల్లతోనో పిన్నుతోనో గులిమి తీయడం. చెవి చర్మం లోపలి నుండి వెలుపలికి తనంత తాను జరుగుతూ గులిమిని బయటికి తెస్తుంది. పుల్ల దానిని వెనుకకు నెడుతుంది, ఒక్కొక్కప్పుడు కర్ణభేరిని చీలుస్తుంది. కర్ణవేధాన్ని మాత్రం విడిచిపెట్టనక్కరలేదు. శుభ్రమైన సూదితో, తమ్మెకు, వెలుగు చూసి కుట్టమన్న సుశ్రుతుని మాట నేటికీ సరైన మాటే.

ఈ సంచికను తరగతిలో చదివే పిల్లలు దొప్ప, తమ్మె, గులిమి, కర్ణభేరి, కూటకం, దాగలి, అంకవన్నె అనే ఏడు మాటలను వరుసగా నేర్చుకోవాలని మా కోరిక. బయటి నుండి లోపలికి శబ్దం నడిచే వరుస కూడా అదే. మాటలు నేర్చుకొన్న తరువాత అవ్వ దగ్గర కూర్చొని, ఆమె చిన్ననాటి కథ ఒకటి చెప్పించుకోండి. ఆ ఏడు మాటలలో ఆరు అప్పుడు ఒకేసారి పనిచేస్తాయి. గులిమి మాత్రం తన చోట తాను కాపలా కాస్తూ ఉంటుంది.